ఆడపిల్ల ఒక్కతే తిరగడానికి హాంబర్గ్ బాగుంటుందా?

మా బాబాయి కూతురు జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఎంఎస్ చేస్తోంది. పరీక్షలు అయిపోగానే ఒక్కతే ఏదైనా ఊరు చూసి రావాలని తన కోరిక. స్నేహితులంతా మ్యూనిక్ అంటున్నారు, తనకేమో హాంబర్గ్ మీద మనసుంది. పిన్ని రీపర్‌బాన్ (హాంబర్గ్‌లో బార్లు, క్లబ్బులు, సెక్స్ వ్యాపారం ఉండే వీధి) వీడియోలేవో చూసి హడలిపోయింది. "నువ్వు అక్కడే ఉంటున్నావు కదమ్మా, ఆడపిల్ల ఒక్కతే తిరిగే ఊరేనా? నిజం చెప్పు" అని నన్ను అడిగింది. ఇద్దరికీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలు ఇంకెవరికైనా పనికొస్తుంది.

కోటలు, మంచు కొండలు, రాజుల కాలంనాటి వీధులు చూడాలనుకుంటే హాంబర్గ్ వద్దు, మ్యూనిక్ వైపే వెళ్ళండి. ఇక్కడి పాత ఊళ్ళో సుమారు మూడో వంతు 1842లో తగలబడిపోయింది. మిగిలినదాంట్లో ఎంతో భాగం 1943 జులై బాంబుదాడుల్లో పోయింది. నికోలాయ్ చర్చి గోపురం మాత్రం నల్లబడి నిలబడి ఉంది, దాన్ని యుద్ధ స్మారకంగా అలాగే ఉంచేశారు. ఇది వర్తకుల ఊరు, రేవు ఊరు. నీళ్ళూ ఓడలూ ఇష్టమైతే జర్మనీలో దీన్ని మించింది లేదు.

పైగా అసలు చూడాల్సినవాటికి పెద్దగా డబ్బే అక్కర్లేదు. లాండుంగ్స్‌బ్రూకెన్ రేవు దగ్గర "హార్బర్ టూర్" అని పిలుస్తూ టికెట్లు అమ్ముతుంటారు. అవి కొనకుండా అక్కడే 62 నంబర్ ఫెర్రీ ఎక్కమన్నాను. అది సిటీ బస్సులాంటిదే, స్టూడెంట్ల దగ్గరుండే డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా సిటీ బస్సులు, లోకల్ రైళ్ళకు చెల్లే పాసు) దానికీ చెల్లుతుంది. ఫెర్రీ ఎక్కేముందు ఒడ్డు నుంచి తేలే వేదికలకు దిగే వంతెనను గమనించండి. పొద్దున ఏటవాలుగా ఉన్నది సాయంత్రానికి దాదాపు చదునుగా కనిపించవచ్చు. సముద్రం ఇక్కడికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్నా, ఎల్బే నదిలో ఆటుపోట్లకు నీళ్ళు మూడు మీటర్లకు పైగా పెరిగి తగ్గుతుంటాయి.

పై డెక్ మీద నిలబడి ఓవెల్‌గోన్నె దాకా వెళ్ళి దిగితే ఇసుక తీరం. ఎదుటి ఒడ్డున క్రేన్లు కంటైనర్లను ఎత్తుతూ దించుతూ ఉంటాయి. నేను పెరిగింది విశాఖలో. బీచ్‌లో కూర్చుంటే ఓడంటే ఎక్కడో కదలని చుక్క. ఇక్కడ దాదాపు 400 మీటర్ల ఓడలు టగ్ బోట్ల సాయంతో మన కళ్ళముందు నుంచే వెళ్తాయి. పక్కన రాసిన పేరు చదువుకోవచ్చు. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

అక్కడ ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి: ఎండగా ఉందని ఈతకు దిగొద్దు. పెద్ద ఓడ వెళ్ళేటప్పుడు ఒడ్డు దగ్గరి నీటిని లాక్కుని, మళ్ళీ ఒక్కసారిగా వదులుతుంది. ప్రవాహం కూడా బలమైనదే. పిన్ని భయపడాల్సింది రీపర్‌బాన్‌కి కాదు, ఈ నీళ్ళకి.

రేవు దగ్గరే పాత ఎల్బే సొరంగం ఉంది. 1911లో తెరిచారు. రేవు కార్మికులు అవతల ఒడ్డుకు పనికి వెళ్ళడానికి కట్టింది. లిఫ్టులో సుమారు 24 మీటర్లు దిగి, పలకలు పరిచిన గోడల మధ్య 426 మీటర్లు నడవాలి. గోడల మీద చేపల బొమ్మలు చూస్తూ నెమ్మదిగా వెళ్ళండి, పైన ఓడలు తిరుగుతుంటాయి. నడిచేవాళ్ళకు ఉచితం. అవతల పైకి వచ్చి వెనక్కి తిరిగితే ఊరంతా ఒకేసారి కనిపిస్తుంది.

ఇక భయాల సంగతి. రీపర్‌బాన్‌లో శుక్ర, శనివారం రాత్రుళ్ళు తాగినవాళ్ళ గోల ఉంటుంది, జేబుదొంగలు ఉంటారు. పోలీసులు కూడా ఉంటారు. సాయంత్రం వెళ్ళి చూసి పది, పదకొండు గంటలకల్లా వచ్చేస్తే సరిపోతుంది. వారాంతాల్లో మెట్రో, ఎస్-బాన్ (లోకల్ రైళ్ళు) రాత్రంతా నడుస్తాయి కాబట్టి తిరిగి రావడానికి టెన్షన్ లేదు. నాకు నిజంగా నచ్చనిది మెయిన్ స్టేషన్ పరిసరాలు. మత్తుకు అలవాటుపడినవాళ్ళు అక్కడే తిరుగుతుంటారు. మన జోలికి రాకపోయినా, రాత్రి ఒంటరిగా ఉంటే మనసు కుదుటపడదు. మన సరుకుల కోసం పక్కనున్న స్టైన్‌డామ్ వీధికి పగలు వెళ్ళండి, రాత్రి బస మాత్రం అక్కడ వద్దు. లాండుంగ్స్‌బ్రూకెన్ వైపో, ఆల్టోనాలోనో హాస్టల్‌లో ఆడవాళ్ళ గది చూసుకోమన్నాను.

మే మొదట్లో రేవు పుట్టినరోజు పండగ జరుగుతుంది, అప్పుడు గదులు దొరకడం కష్టం. మిగతా వేసవి అంతా బాగుంటుంది, వాన మాత్రం ఎప్పుడైనా పడొచ్చు. ఈ గాలికి గొడుగు నిలవదు, టోపీ ఉన్న రెయిన్‌కోటు తెచ్చుకోండి.

తనకు వేసిన ప్లాన్ ఇది. శుక్రవారం మధ్యాహ్నం మాగ్డెబర్గ్‌లో రీజనల్ రైలెక్కి ఉల్‌త్సెన్‌లో మారితే రాత్రికి ఇక్కడ. శనివారం ఫెర్రీ, సొరంగం, ఎర్ర ఇటుకల గోదాముల పేట. ఆదివారం షాపులు మూసేస్తారు, అందుకే బ్రెడ్డూ పళ్ళూ శనివారమే కొనిపెట్టుకోవాలి. ఆదివారం తెల్లవారుజామున చేపల సంత. వేసవిలో ఐదింటికే మొదలై తొమ్మిదిన్నరకి ముగుస్తుంది. చేపలు తినకపోతే మూసేవేళకి వెళ్ళండి, పళ్ళ బుట్టలు అరిచి మరీ చవగ్గా అమ్మేస్తుంటారు.