పళ్లెంలో రాళ్ల తోట: నెలన్నర ఇసుకతోనే సరిపోయింది

జూన్ 8
జపాన్‌లో క్యోటోలోని రియోఆంజి గుడి తోట ఫొటో చూసి మొదలుపెట్టాను. దాదాపు 25 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. తెల్ల కంకరలో 15 రాళ్లు, అంతే. వరండాలో ఎక్కడ కూర్చున్నా ఒక రాయైనా కనబడకుండా పోతుందట. నీళ్లు లేకుండానే, కంకరలో గీసిన గీతలతో నీళ్లు చూపించే ఈ తోటల్ని కరెసన్సుయి అంటారు. అంటే ఎండిన కొండలూ నీళ్లూ.

నా దగ్గరున్నది 45 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 4 లోతున్న చెక్క ట్రే. పొడవులో అసలు తోటకంటే 55 రెట్లు చిన్నది. లెక్క ప్రకారం అక్కడ కొన్ని మిల్లీమీటర్లుండే కంకర నా ట్రేలో పిండిలా ఉండాలి. పిండి ఇంట్లోనే ఉంది కదా అని ముగ్గుపిండి పోశాను. ఫోర్కుతో గీస్తే గీతలు రాలేదు, పిండి గడ్డలుగా లేచింది. అమ్మ చూసి, "ముగ్గు సగంలో ఆపేశావేంట్రా?" అంది. అంతలో ఫ్యాన్ వేశారు. ఆ సాయంత్రమంతా అందరికీ తుమ్ములే.

జూన్ 15
అక్వేరియం షాపులో తెల్ల ఇసుక 5 కిలోలు తెచ్చాను. రేణువు ఒక మిల్లీమీటరు ఉంటుంది. బకెట్లో ఐదు నీళ్లు కడిగితే గానీ తేట రాలేదు. పాత దుప్పటి మీద రెండు రోజులు ఎండబెట్టాను. కొంచెం తడి ఉన్నా గీత అంచులు పెళ్లలుగా విరుగుతాయి.

జూన్ 29
ఐస్‌క్రీం పుల్లకి కొబ్బరి ఈనె ముక్కలు ఫెవికాల్‌తో అంటించి, ఇసుకలో గీతలు గీసే దువ్వెనలాంటి రేక్ చేశాను. ఆరు పళ్లు, మధ్యలో 8 మిల్లీమీటర్ల ఎడం. గట్లు ఇంకా ఎత్తుగా రావాలని గట్టిగా నొక్కితే పక్కలు జారి పూడుకుపోయాయి. ఎండు ఇసుక సుమారు 34 డిగ్రీల వాలు దాటి నిలబడదు. అంటే 8 మిల్లీమీటర్ల ఎడానికి గట్టు సుమారు 2.7 మిల్లీమీటర్లకు మించి లేవదు. పెద్ద గట్టు కావాలంటే పళ్ల ఎడం పెంచాలి. ఇది తెలియక ఒక ఆదివారం వృథా.

జూలై 6
రాళ్లు. కొన్న నున్నటి గులకరాళ్లు అసలు నప్పలేదు, కోడిగుడ్లు పెట్టినట్టుంది. ఊళ్లో గుట్ట కింద ఏరుకున్న గరుకు గ్రానైటు ముక్కలు బాగున్నాయి. ఐదు చాలు: మూడు ఒక గుంపు, రెండు ఇంకో గుంపు. కానీ ఇసుక మీద పెడితే ఇప్పుడే ఎవరో వదిలేసి వెళ్లినట్టున్నాయి. మూడో వంతు లోపలికి దిగితేనే నేలలోంచి లేచినట్టుంటుంది, మరి అంత లోతు ఇసుక పోస్తే ట్రే ఎత్తలేం. అందుకని అడుగున 2 సెంటీమీటర్ల థర్మోకోల్ పరిచి, ఒక్కో రాయి అడుగు ఆకారానికి గుంట కోసి కూర్చోబెట్టాను. పైన ఒకటిన్నర సెంటీమీటర్ల ఇసుక. 3 కిలోలు సరిపోయింది, రాళ్లు కదలట్లేదు కూడా.

జూలై 13
ముందు స్కేలుతో చదును చేసి, రాళ్ల చుట్టూ వలయాలు గీసి, తర్వాతే నిలువు గీతలు. తలకిందులుగా చేస్తే వలయం తిప్పేటప్పుడు గీతలు చెరిగిపోతాయి. మూలల్లోకి పెద్ద రేక్ దూరదు, దానికి మూడు పళ్లది ఇంకొకటి చేశాను.

జూలై 20
నాచు దగ్గర ఇబ్బంది. వానలకి పిట్టగోడ మీద పట్టినదాన్ని చాకుతో పలుచగా లేపి, పెద్ద రాయి పక్కన నేరుగా ఇసుకలోనే పెట్టాను. నాలుగు రోజులకే గోధుమరంగుకు తిరిగింది. నీళ్లు చిలకరిస్తే పచ్చబడింది గానీ చుట్టూ ఇసుకలో చెమ్మ పాకి మరక పడింది. ఇప్పుడు రెండు సీసా మూతల్లో మట్టి వేసి నాచు పెంచుతున్నాను. ఒకటి ట్రేలో ఉంటే రెండోది బాల్కనీలో, మూడు రోజులకోసారి మార్పు. మూత అంచు మాత్రం ఇంకా ఇసుకలోంచి తొంగి చూస్తోంది. అక్కడ థర్మోకోల్ ఇంకొంచెం కోయాలి.