అగ్నిపర్వతం చూసొచ్చి దోమపోటు మాట్లాడుకున్నాం

ఆదివారం. బడి లేదు. పొద్దున్నే మామయ్య ఫోన్‌లో సాగర్ నీటిమట్టం చూస్తున్నారు. ఈ నెలల్లో ఎడమ కాలువ కింద ఏ ఇంట్లోనైనా ఇదే పని. నిండితే 590 అడుగులు. ఇవాళ ఎంతకొచ్చింది, పైన శ్రీశైలం గేట్లు ఎత్తారా, నారు ఇప్పుడే పోయాలా ఇంకో వారం ఆగాలా. మా పొలం తూముకు చివరన ఉంటుంది. కాలువకు నీళ్లు వదిలారన్న వార్త మాకు ముందొస్తుంది, నీళ్లు ఎప్పుడో వస్తాయి.

మేం ఇండోనేషియాలోని బాలి వెళ్లొచ్చినప్పటి నుంచి ఆయనకు ఒకటే అనుమానం. ఇవాళ మళ్లీ అడిగారు. "నిప్పులు కక్కే కొండ కింద వరి ఎట్ల పండుతదమ్మా?"

విమానం, హోటలు, ఊయల ఫొటోల గురించి రాయడానికేం లేదు, అవి అందరి ఫోన్లలోనూ ఉన్నవే. చెప్పుకోవలసింది బాతూర్ కొండ, అక్కడి అగ్నిపర్వతం. అర్ధరాత్రి దాటాక లేపి, తలకు లైటు కట్టి ఎక్కించారు. ఎత్తు 1,717 మీటర్లే, కానీ కాలి కింద రాయి నిలవదు. మన నల్గొండ గుట్టల మీద బండ కదలదు, ధైర్యంగా కాలు వెయ్యొచ్చు. అక్కడిది కొలిమిలో తీసి పారేసిన చిట్టెంలా నల్లగా, బొక్కలు బొక్కలుగా, తేలిగ్గా ఉంది. అడుగు వేస్తే సగం వెనక్కి జారుతుంది. పైకెక్కాక ఒక పగులులోంచి ఆవిరి వస్తుంటే గైడు అందులో కోడిగుడ్లు పెట్టాడు. మేం టీ తాగి లేచేసరికి ఉడికాయి. పెంకు తీస్తుంటే వేళ్లు కాలాయి. కొండ నిజంగానే లోపల మండుతోందని నాకు అప్పుడు నమ్మకం కుదిరింది. తెల్లారాక ఎదురుగా ఇంకో అగ్నిపర్వతం, ఆగుంగ్ కనిపించింది. 1963లో అది పేలినప్పుడు వెయ్యిమందికి పైగా చనిపోయారు. 2017లో మళ్లీ బూడిద కక్కితే విమానాశ్రయం మూసేయాల్సి వచ్చింది.

అంత జరిగినా మనుషులు అక్కడే ఉన్నారు. బాతూర్ కింద పెద్ద చెరువు, చెరువు ఒడ్డున ఉల్లిగడ్డ, టమాటా, మిర్చి తోటలు. 1926లో లావా వచ్చి బాతూర్ ఊరిని, గుడిని ముంచేసింది. జనం దేవతను తీసుకుని, ఆ కొండా చెరువూ ఉన్న పెద్ద గుంత అంచు మీదికి ఎక్కి మళ్లీ గుడి కట్టుకున్నారు. నాకు సాగర్ నీళ్లలో మునిగిపోయే లోయలోంచి కొండ మీదికి చేర్చిన నాగార్జునకొండ విగ్రహాలు గుర్తొచ్చాయి. ఇక్కడ నీళ్లు, అక్కడ నిప్పు. ఆ గుడిలో ఉన్నది చెరువు దేవత, దేవి దను. అత్తమ్మకు ఈ ముక్క బాగా నచ్చింది. "చెర్వు కట్ట మీద మన కట్టమైసమ్మ లేదా ఏంది" అని ఆమె పనిలో ఆమె పడిపోయింది.

ఇక మామయ్య ప్రశ్న. బూడిద కాలక్రమంలో మంచి మట్టి అవుతుంది, ఎత్తైన కొండలు మబ్బుల్ని ఆపి వాన కురిపిస్తాయి, ఆ వాన రాళ్లలోకి ఇంకి కింద ఊటలుగా వస్తుంది. బాతూర్ చెరువుకు పైకి కనిపించే అలుగు లేదు, వాగూ లేదు. కింద పొలాల ఊటలన్నీ ఆ చెరువు పెట్టిన భిక్షే అని రైతులు నమ్ముతారు. ఒక కాలువ కింద మడులున్న రైతులంతా కలిసి ఒక సంఘం, దాన్ని సుబాక్ అంటారు. వెయ్యేళ్లకు పైబడిన పద్ధతి, 2012లో యునెస్కో గుర్తించింది. ఎవరు ఎప్పుడు నాటాలో రైతులే గుడి దగ్గర కూర్చుని తేల్చుకుంటారు. జతిలువిహ్ పొలాల్లో పిల్లకాలువకు అడ్డంగా ఒక దుంగ చూశాను. దానికి రెండు గాళ్లు చెక్కారు, ఒకటి వెడల్పు, ఒకటి సన్నం. కాలువలో నీళ్లు పెరిగినా తగ్గినా రెండు వైపులకూ అదే వంతున పోతాయి. గేటు లేదు, తాళం లేదు, గేటు తిప్పే లస్కర్ లేడు.

"పైనోడు రాత్రిపూట దుంగ జరపడా?" అన్నారు మామయ్య. చివరి తూము రైతు కదా, ముందు ఆ అనుమానమే వస్తుంది.

జరపడు. ఎందుకో నేను తిరిగొచ్చాక చదివి తెలుసుకున్నాను. 1970లలో అక్కడి ప్రభుత్వం కొత్త వంగడాలు తెచ్చి, గుడి తేదీలు మానేసి ఏడాది పొడుగునా ఎవరికి వీలైనప్పుడు వాళ్లు వెయ్యండని చెప్పింది. కొన్నేళ్లలోనే వరి రసం పీల్చే సుడిదోమ పొలాలకు పొలాలు తినేసింది. మందులు కొట్టినా ఆగలేదు. స్టీఫెన్ లాన్సింగ్ అనే అమెరికా పరిశోధకుడు దీని లెక్క తేల్చాడు. ఒకడు కోస్తుంటే పక్కవాడు నాటితే దోమకు ఎప్పుడూ తిండి దొరుకుతుంది, పొలం మారుతూ బతుకుతుంది. అందరూ ఒకేసారి నాటి, ఒకేసారి కోసి, మడులన్నీ కలిపి ఖాళీగా ఉంచితే అది చస్తుంది. కానీ ఒకేసారి నాటాలంటే కిందివాడికి కూడా సమయానికి నీళ్లు అందాలి. అందకపోతే వాడు ఆలస్యంగా నాటుతాడు, వాడి మళ్లో పెరిగిన దోమ పైవాడి మీదికే వస్తుంది. కాబట్టి పైవాడు నీళ్లిచ్చేది పుణ్యానికి కాదు.

మామయ్యకు దోమపోటు ఎవరూ చెప్పనక్కర్లేదు. పచ్చగా ఉన్న వరి మధ్యలో సుడులు సుడులుగా ఎండిపోవడం మా పొలంలోనూ చూశాం. కాసేపు ఆలోచించి, "అయితే దోమకు భయపడైనా ఇస్తరన్న మాట" అన్నారు. తర్వాత చెరువు కింద సేద్యం రోజుల్లోకి వెళ్లిపోయారు. వాళ్ల చిన్నప్పుడు చెరువు నీళ్లు పంచే నీరడి చెప్పినట్టే మడికి నీళ్లు పారేవట, ఎంత పెద్ద ఆసామి అయినా ఆయన మాట దాటేవాడు కాదట.

నేను మరీ పొంగిపోలేదు. పిల్లకాలువ మీద దుంగ వెయ్యడం వేరు, సాగర్ లాంటి డ్యాం వేరు. మనకు నీళ్లు ఎప్పుడొస్తాయో మన ఊళ్లో ఎవరి చేతిలోనూ లేదు, గుడి దగ్గర కూర్చున్నా తేలదు. అయితే తూము దాటాక అంతా మన చేతిలోనే ఉంటుంది. అక్కడ కూడా కొట్టుకోవడం మాత్రం మనం చేసుకున్నదే.

మధ్యాహ్నం పిల్లల నోట్సులు దిద్దాను, బట్టలు ఆరేశాను. మామయ్య పైమడి వాళ్లింటికి టీకి వెళ్లి దోమ లెక్క అంతా చెప్పొచ్చారట. పైమడి ఆయన నవ్వి, "సరే, ఈసారి ఒక్క వారంలనే నాటుదాం. మరి కాల్వ ఆలస్యమైతే నారుమడికి నీ బోరు నీళ్లు ఇస్తవా?" అన్నాడట. మామయ్య చూద్దామని వచ్చేశారు. కరెంటు మోటారు ఎవరు కాలబెట్టుకుంటారని అత్తమ్మ గొణుగుతోంది. బేరం ఇంకా తెగలేదు.