నీట్‌లో అనెలిడా, మొలస్కా: మార్కులు పోయేది పేర్ల దగ్గరే

అనెలిడా అంటే వానపాము లాంటి ఖండాల పురుగులు, మొలస్కా అంటే నత్త, ఆలిచిప్ప లాంటి మెత్తటి ఒంటి జీవులు. ఈ రెండు వర్గాలూ చదివినంతసేపు సులువుగానే ఉంటాయి. పరీక్షలో కాళ్లు లాగేవి పేర్లు. షిప్‌వార్మ్ పేరులో పురుగు ఉందిగానీ అది టెరిడో, ఆలిచిప్పల జాతి. పడవల చెక్కను తొలిచేది ముందు భాగంలో ఉండే చిన్న చిప్పలతోనే. ఎలుక పేరు పెట్టుకున్న సీ మౌస్ మాత్రం నిఖార్సైన పురుగు, అనెలిడాలోని సముద్రపు పురుగు నీరిస్‌కు చుట్టం. డెవిల్‌ఫిష్ అంటే ఆక్టోపస్, కటిల్‌ఫిష్ అంటే సెపియా, చేపలు కావు. ఎకార్న్ వార్మ్ అంటే బెలనోగ్లాసస్, అది ఈ రెండిటిలోనూ రాదు, హెమికార్డేటా అనే వేరే వర్గం.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఇంకో గొయ్యి ఉంది. 'మోనో' అంటే ఏక కదా అని ఏకలింగ జీవికి మోనీషియస్ అని పెట్టేస్తారు. అది తిరగబడింది. ఏకలింగ జీవి అంటే ఆడ, మగ వేరువేరు, అంటే డయీషియస్. నీరిస్ ఆ కోవది. ఆడ, మగ ఒకే ఒంట్లో ఉంటే మోనీషియస్: వానపాము, జలగ. తప్పు పెడితే నీట్‌లో రావలసిన 4 పోవడమే కాక ఇంకో 1 కోత. ఈఏపీసెట్‌లో కోత లేదు, అక్కడ ఏదో ఒకటి పెట్టి రండి.

మన కర్నూలుకు సముద్రం దూరమే అయినా చేత్తో పట్టి చూసేందుకు సరుకు దొరుకుతుంది. మూలికల అంగడిలో 'సముద్రపు నురుగు' అడగండి. అది సెపియా లోపలి కర్పరం, అంటే ఒంటి లోపల ఉండే చిప్ప. గోటితో గీస్తే సుద్దపొడి రాలుతుంది, నిమ్మరసం చుక్క వేస్తే నురగ వస్తుంది: కాల్షియం కార్బొనేట్. విరిచి చూస్తే సన్నటి పొరలు, మధ్యలో ఖాళీలు. ఆ గదుల్లో గాలి, ద్రవం పాళ్లు మార్చుకుంటూ సెపియా నీళ్లలో తేలుతుంది. ఒకసారి విరిచి చూసినవాళ్లు 'లోపలి కర్పరం ఉన్నది ఏది' అంటే తడుముకోరు. ఆక్టోపస్‌కు కర్పరమే లేదు, నాటిలస్‌కు బయట ఉంటుంది.

పూజగదిలో శంఖం ఉంటే మొన (చుట్లు మొదలయ్యే చివర) పైకి, నోరు మీ వైపుకు పట్టుకోండి. నోరు కుడివైపు వస్తే డెక్‌స్ట్రల్, ఎడమవైపు వస్తే సినిస్ట్రల్. మామూలు శంఖాలన్నీ ఇవే. ఎక్కువ ధరకు అమ్మే దక్షిణావర్త శంఖం జీవశాస్త్రం లెక్కన సినిస్ట్రల్! పూజలో మొన కిందికి పెట్టి చూస్తారు కాబట్టి కుడి ఎడమలు మారతాయి.

రాడులా అంటే మొలస్కా జీవుల నోట్లో తిండిని గీకే ఆకురాయి లాంటి అవయవం. దాని దగ్గర ఒక్క మినహాయింపు గట్టిగా పట్టుకోండి: ముత్యపు చిప్ప పింక్టాడా లాంటి రెండు చిప్పల జీవులకు అది ఉండదు, తలా ఉండదు.

కేసీ కాలువ కింది వరిమళ్లలో కనిపించే ఆపిల్ నత్త పైలాకు మొప్పా ఉంది, ఊపిరితిత్తీ ఉంది. మడి ఎండితే మూత బిగించుకుని బురదలో పడుకుంటుంది. పైలా మంచినీటిది. 'కిందివాటిలో సముద్రంలో ఉండనిది' అని పింక్టాడా, అప్లీసియా, డెంటాలియం పక్కన దాన్ని పెడితే జవాబు అదే.