కాయం ముద్ద గురించి అడిగి తిన్న చీవాట్లు

బాబు పుట్టి ఈరోజుకి పద్దెనిమిది రోజులు. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

కాన్పు గురించి చెప్పడానికేం లేదు. మామూలు కాన్పే, నాలుగు గంటల్లో అయిపోయింది. ఆ తర్వాతే మొదలైంది. బాబు రొమ్ము పట్టిన ప్రతిసారీ పొత్తికడుపు మెలిపెట్టి పిండినట్టుండేది. పాప పుట్టినప్పుడు ఇంత లేదు. బిడ్డ పాలు తాగుతుంటే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై గర్భసంచి ముడుచుకుంటుంది, ఆ నొప్పి రెండో కాన్పు నుంచి ఎక్కువ. ఈ రెండు ముక్కలు ఆసుపత్రిలో ఒక్కరూ చెప్పలేదు.

అమ్మ మాత్రం మూడో రోజే కాయం చేసింది. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము దంచి, బెల్లంతో, నువ్వుల నూనెతో దగ్గరికి ఉడికించిన ముద్ద. పరగడుపున ఉసిరికాయంత. గొంతు దిగేదాకా కళ్ళమ్మట నీళ్ళే.

ఐదో రోజు చెకప్‌కి వెళ్ళినప్పుడు, పాలిస్తున్నాను కదా, ఇది తినొచ్చా అని డాక్టరమ్మని అడిగాను. ఆవిడ తల కూడా ఎత్తలేదు. "ఏమ్మా, చదువుకున్నావా? ఈ నాటు మందులు తిని, మళ్ళీ ఏదైనా అయితే మా మీద పడతారు" అంది, గది బయటికి వినపడేలా. నర్సు నవ్వింది. వెనక నిలబడ్డ పెద్దావిడ నన్ను జాలిగా చూసింది. నేను బీఫార్మసీ, క్లాస్ ఫస్టు! ఆ మాట అక్కడ నోట్లోంచి రాలేదు. నొప్పి ఎప్పుడొస్తోంది, ఎంతుంది అని ఒక్క ప్రశ్న లేదు. ఐరన్, కాల్షియం రాసి "నెక్స్ట్" అంది. ఆటోలో ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చాను.

ఆ రాత్రి బాబుని ఒళ్ళో వేసుకుని ఫోన్‌లో వెతికాను. ఈ నొప్పుల మీదే 2020లో కోక్రేన్ (వైద్య పరీక్షల ఫలితాలన్నీ కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్ష ఉంది: 28 అధ్యయనాలు, 2,749 మంది తల్లులు. ఐబుప్రోఫెన్ జాతి నొప్పి మాత్రలు బాగానే పనిచేస్తాయని తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ నొప్పికి వాటిని వాడొచ్చంది. మూలికల మీద జరిగిన పరీక్షలు చాలా తక్కువ, నమ్మకంగా ఏమీ చెప్పలేనివి. ఇరాన్‌లో కుంకుమపువ్వు, సోంపులాంటి గింజలు కలిపిన క్యాప్సూళ్ళని మెఫెనమిక్ యాసిడ్‌తో (అదీ ఆ జాతి నొప్పి మాత్రే) పోల్చి చూశారు. మన కాయం మీద నాకేమీ దొరకలేదు.

మర్నాడు వేరే డాక్టరుకి ఫోన్ చేశాను. అల్సరుందా, ఆస్తమా ఉందా, బ్లీడింగ్ ఎంతవుతోంది అని అడిగి ఐబుప్రోఫెన్ చెప్పింది. పాలల్లోకి వెళ్ళేది చాలా కొద్దిగానట. అన్నం తిన్నాక వేసుకున్నాను, గంటలో తేలికపడింది. అంతే, ఇంత చిన్న విషయం!

కాబట్టి ఓపీలో చీవాట్లు తిని ఊరుకోకండి, అల్సరు, ఆస్తమా, బ్లీడింగ్ సంగతులు చెప్పి, మాత్ర పేరు చెప్పి అడగండి. ప్యాడ్ గంటకొకటి తడిసినా, జ్వరమొచ్చినా, దుర్వాసనొచ్చినా కాయమూ వద్దు, మాత్రా వద్దు, ఆసుపత్రికి పరుగెత్తండి. అత్తయ్య పంపిన అరిష్టం (పులియబెట్టి చేసే ఆయుర్వేద మందు) సీసా నేను తెరవలేదు. దానిలో పులియడం వల్ల ఆల్కహాల్ ఉంటుందని చెబితే ఆవిడకి కోపమొచ్చింది. బాలింత నీళ్ళు తాగకూడదన్న మాట మీద అమ్మతోనూ గొడవపడ్డాను, చెంబు పక్కనే పెట్టుకుంటున్నాను.

కాయం మాత్రం కుంకుడుగింజంత తింటున్నాను, అమ్మ కోసం. నిన్న తన మోకాళ్ళకి నా మాత్ర ఒకటి ఇమ్మంది. బీపీ ఉందిగా, ఇవ్వనన్నాను. అలిగి కూర్చుంది.