సైన్యంలో స్వలింగ దంపతుల విడాకులు: పేచీ అంతా సర్టిఫికెట్ మీది తేదీతోనే

స్వలింగ దంపతులకు విడాకులివ్వం అనే రాష్ట్రం ఇప్పుడు అమెరికాలో లేదు. దేశమంతా స్వలింగ వివాహాలను చట్టబద్ధం చేసిన అమెరికా సుప్రీంకోర్టు ఒబర్గ్‌ఫెల్ తీర్పుతో 2015 జూన్ 26న ఆ గొడవ తీరింది. అయినా ఇద్దరిలో ఒకరు సైన్యంలో ఉంటే మన ఫైలు మిగతావాళ్ల ఫైలంత సాఫీగా కదలదు. పెన్షన్‌లో వాటా, ఆ డబ్బు ఎవరి చేతి మీదుగా రావాలి, ఆరోగ్య బీమా ఉంటుందా ఊడుతుందా, అన్నీ పెళ్లయి ఎన్నేళ్లయిందన్న లెక్క మీదే తేలుతాయి. మనల్ని పెళ్లి చేసుకోనిచ్చిందే ఆలస్యంగా.

మా వివరాలు లెక్కలకు అవసరమైనంత మేరకే చెబుతాను. నేను సివిలియన్‌ని, తను ఆర్మీ. తను చేరింది 2010లో, ఎవరితో ఉంటున్నదీ బయటపడితే ఉద్యోగం పోయే రోజుల్లో. ఆ నిబంధన 2011 సెప్టెంబర్ 20న పోయింది. 2013 జూన్‌లో, స్వలింగ వివాహాలను ఫెడరల్ ప్రభుత్వమూ గుర్తించాలన్న విండ్సర్ తీర్పు వచ్చాక సైన్యం మనలాంటి దంపతులకూ ప్రయోజనాలు ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటికి టెక్సస్ ఒప్పుకోదు కాబట్టి 2014లో న్యూమెక్సికో వెళ్లి పెళ్లి చేసుకున్నాం. విడాకులు 2024లో టెక్సస్‌లో.

పిటిషన్‌కు ముందే ఒకటి చూసుకోవాలి: రద్దు కావాల్సింది ఒక్క పెళ్లేనా? పాత జంటలకు సివిల్ యూనియన్లు, డొమెస్టిక్ పార్టనర్‌షిప్‌లు, అంటే పెళ్లికి బదులుగా రాష్ట్రాలు ఇచ్చిన నమోదులు, ఉంటాయి. కనెటికట్, వాషింగ్టన్ రాష్ట్రాలు తమ దగ్గరివాటిని చాలావరకు వాటంతటవే పెళ్లిగా మార్చేశాయి. న్యూజెర్సీ మార్చలేదు. కాలిఫోర్నియా విడాకుల ఫారంలో పెళ్లికీ పార్టనర్‌షిప్‌కూ వేర్వేరు గడులు ఉన్నది అందుకే. రెండూ ఉంటే రెండూ టిక్ పెట్టాలి. ఒకటి వదిలేస్తే అది అలాగే బతికి ఉండి, మళ్లీ పెళ్లి చేసుకునేటప్పుడు అడ్డం వస్తుంది.

తర్వాత ఏ రాష్ట్రంలో వేయాలన్నది. టెక్సస్‌లో ఆరు నెలలు, ఆ కౌంటీలో 90 రోజులు ఉండాలి. సొంత రాష్ట్రం వేరే అయినా, పోస్టింగ్ మీద అంతకాలం ఇక్కడ ఉన్న సైనికులకూ, వాళ్లతో వచ్చిన భాగస్వామికీ ఇది వర్తిస్తుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. విడాకులిచ్చే అధికారం వేరు, పెన్షన్ పంచే అధికారం వేరు. 1982 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం పెన్షన్ పంచాలంటే సైనికురాలి శాశ్వత నివాసం ఆ రాష్ట్రమై ఉండాలి, లేదా పోస్టింగ్ వల్ల కాకుండా అక్కడ నివసిస్తుండాలి, లేదా తనే ఆ కోర్టుకు ఒప్పుకోవాలి. టెక్సస్‌లోని ఫోర్ట్ హుడ్ సైనిక స్థావరంలో పని చేస్తూ ఫ్లోరిడాను సొంత రాష్ట్రంగా చూపించే మనిషి మొదట్లోనే అభ్యంతరం చెబితే, టెక్సస్ జడ్జి విడాకులు ఇవ్వగలరు గానీ పెన్షన్‌ను ముట్టుకోలేరు. ఎదుటివాళ్ల సొంత రాష్ట్రం తెలుసుకోవాలంటే జీతం చీటీ, అంటే ఎల్ఈఎస్, చూడండి. స్టేట్ ట్యాక్సెస్ వరుసలో ‘ఎస్టీ’ అన్న చిన్న గడి ఉంటుంది. అందులోని రెండక్షరాలే జవాబు. మా విషయంలో అక్కడ టెక్ససే ఉంది.

2015కి ముందు ఈ ప్రశ్నే లేదు, తలుపే మూసి ఉండేది. పెళ్లి జరిగిన మసాచుసెట్స్‌కు వెళ్దామంటే అక్కడ నివాసం ఉండాలి, ఉంటున్న రాష్ట్రమేమో అసలు పెళ్లే కాలేదనేది. ఆస్టిన్‌లో ఇద్దరు మహిళలకు జడ్జి 2010లో విడాకులిస్తే రాష్ట్ర అటార్నీ జనరల్ అడ్డుపడ్డారు. టెక్సస్ సుప్రీంకోర్టు 2015 జూన్ 19న, ఒబర్గ్‌ఫెల్‌కు సరిగ్గా వారం ముందు, ఆ అప్పీలుకు రాష్ట్రానికి అర్హత లేదని తేల్చింది.

ఇక పెన్షన్. ముందుగా ఒక అపోహ. ‘పదేళ్లు నిండకపోతే వాటా రాదు’ అంటారు. తప్పు. వాటా ఇవ్వాలా, ఎంత ఇవ్వాలా అన్నది రాష్ట్ర కోర్టు నిర్ణయిస్తుంది. రెండేళ్ల పెళ్లికైనా ఇవ్వొచ్చు. 10/10 నియమం చెప్పేది వేరు: పెళ్లి పదేళ్లు సాగి, ఆ కాలంలోనే పెన్షన్‌కు లెక్కకొచ్చే సర్వీసు పదేళ్లు ఉంటే, సైన్యం జీతాలు చూసే డీఫాస్ ఆ వాటాను నేరుగా మీ ఖాతాలో వేస్తుంది. లేకపోతే ప్రతి నెలా మాజీ భాగస్వామి పంపాలి. పంపకపోతే మళ్లీ కోర్టు.

మాకు తొమ్మిదేళ్లు దాటాక విడిపోవాలన్న మాట వచ్చింది. డీఫాస్ లెక్క వేసేది పెళ్లి రోజు నుంచి కోర్టు విడాకుల డిక్రీ తేదీ దాకా, విడిగా ఉండడం మొదలుపెట్టిన రోజు దాకా కాదు. అందుకని పంపకాలన్నీ మధ్యవర్తి దగ్గర ఒప్పందంగా రాసి సంతకాలు పెట్టేసి, డిక్రీ మాత్రం పదో పెళ్లి రోజు దాటాక తీసుకున్నాం. పిటిషన్ వేశాక 60 రోజులు ఆగాలన్న టెక్సస్ నియమం ఆలోపే గడిచిపోయింది. దీనికి ఖర్చు లేకపోలేదు. టెక్సస్‌లో డిక్రీ దాకా ఎవరు చేసిన అప్పయినా ఉమ్మడి ఖాతాలోకి వచ్చే ప్రమాదం ఉంటుంది, కాబట్టి కొత్త అప్పులు ఎవరివి వారివే అని ఒప్పందంలోనే రాయించాలి. ఆగడం కుదరకపోతే ఇంకో దారి: భరణానికి, పిల్లల పోషణకు 10/10 నియమం వర్తించదు. అందుకే కొందరు లాయర్లు వాటాకు బదులు భరణం రాయిస్తారు. అయితే అది మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోయేలా రాస్తారేమో చూసుకోవాలి.

2016 డిసెంబర్ 23 తర్వాతి విడాకులకు, సర్వీసులో ఉన్నవాళ్ల పెన్షన్‌ను విడాకుల రోజునే గడ్డకట్టించి లెక్క వేస్తారు. తను తర్వాత ప్రమోషన్ తెచ్చుకుంటే ఆ పెరుగుదలలో మీకు వాటా లేదు. పాత హై-3 పద్ధతిలో ఉదాహరణ: 14 ఏళ్ల సర్వీసు, అత్యధిక 36 నెలల సగటు మూలవేతనం 5,000 డాలర్లు. ఏడాదికి 2.5 శాతం చొప్పున 35 శాతం, అంటే 1,750. పెళ్లి, సర్వీసు కలిసిన కాలం పదేళ్లయితే 10/14లో సగం, నెలకు 625 డాలర్లు. తొమ్మిదేళ్లయితే 562.50. డిక్రీలో ఆ సగటు వేతనం, సర్వీసు ఏళ్లు అంకెల్లో ఉండి తీరాలి. ‘పెన్షన్‌లో సగం’ అని రాసిన డిక్రీని డీఫాస్ వెనక్కి పంపుతుంది. వాటా నేరుగా ఇమ్మని అడిగే డీడీ 2293 ఫారం, కోర్టు క్లర్కు ముద్ర ఉన్న డిక్రీ కాపీ కలిపి పంపాలి.

మరి పెళ్లికి ముందు కలిసి ఉన్న ఏళ్ల సంగతి? టెక్సస్‌లో లైసెన్సు లేని పెళ్లిని కూడా కోర్టు గుర్తించగలదు. మూడు రుజువు చేయాలి: దంపతులుగా ఉందామనుకున్నారు, ఇక్కడ కలిసి ఉన్నారు, లోకానికి దంపతులమనే చెప్పుకున్నారు. 2011కి ముందు ఆ మూడోది చెప్పుకుంటే తన ఉద్యోగమే పోయేది. బ్యారక్స్ అడ్రసు ఒకటి, ఇంటి అడ్రసు ఒకటి, ఎమర్జెన్సీ కాంటాక్ట్‌లో నా పేరు పక్కన ‘ఫ్రెండ్’. దాచమన్నదీ ప్రభుత్వమే, దాచలేదని రుజువు అడిగేదీ ప్రభుత్వమే. నాకు దీనంత అన్యాయం ఈ ప్రక్రియలో మరోటి కనిపించలేదు. ఆ వాదన ఎత్తుకోకుండా వదిలేశాం.

20/20/20 నియమం ఇంకా దూరం. 20 ఏళ్ల పెళ్లి, 20 ఏళ్ల సర్వీసు, రెండూ కలిసి నడిచిన 20 ఏళ్లు ఉంటేనే మాజీ భాగస్వామికి ట్రైకేర్ అనే సైనిక ఆరోగ్య బీమా, కమిసరీ అనే బేస్‌లోని సరుకుల దుకాణం సౌకర్యం కొనసాగుతాయి. అమెరికాలో మొదటి చట్టబద్ధ స్వలింగ వివాహాలు మసాచుసెట్స్‌లో 2004 మే 17న జరిగాయి. అంటే ఇక్కడ పెళ్లి చేసుకున్న ఏ జంటకైనా 2024 మేకు ముందు ఆ అర్హత వచ్చే వీలే లేదు.

మిగతావాళ్లలో దాదాపు అందరికీ డిక్రీ రోజుతో ట్రైకేర్ ఆగుతుంది. సీహెచ్‌సీబీపీ అనే కొనసాగింపు బీమాకు 60 రోజుల్లో దరఖాస్తు చేస్తే 36 నెలల దాకా ఉంటుంది. ప్రీమియం మాత్రం సొంత జేబు నుంచే. మీరు కన్న బిడ్డను తను దత్తత తీసుకోకుండా రికార్డులో సవతి బిడ్డగానే ఉంచితే, విడాకులతో ఆ బిడ్డ బీమా కూడా పోతుంది. జనన సర్టిఫికెట్‌లో ఇద్దరి పేర్లు ఉన్నాయని ధీమా పడకండి. దత్తత గానీ, తల్లిదండ్రులు ఎవరో చెప్పే కోర్టు ఉత్తర్వు గానీ డిక్రీకి ముందే చేతిలో ఉండాలి.

ఎస్‌బీపీ, అంటే సర్వైవర్ బెనిఫిట్ ప్లాన్, విషయంలో మాత్రం గడువు దాటితే ఎవరూ కాపాడలేరు. తను చనిపోతే పెన్షన్‌లో మీ వాటా ఆగిపోతుంది, ఆ తర్వాతా డబ్బు రావాలంటే ఈ పథకం ఉండాలి. డిక్రీలో ‘మాజీ భాగస్వామి కవరేజీ’ రాయించి, ఆ ఉత్తర్వు వచ్చిన ఏడాదిలోగా డీడీ 2656-10 ఫారం మీరే డీఫాస్‌కు పంపాలి. తను ఇంకా రిటైర్ కాలేదు కదా అని ఆగొద్దు.

ఇంకో చిక్కు. 2019 జనవరి 1 నుంచి సైనిక చట్టంలో పాత వ్యభిచార నేరాన్ని వివాహేతర లైంగిక సంబంధంగా మార్చి, స్వలింగ సంబంధాలనూ అందులో చేర్చారు. క్రమశిక్షణకు భంగమో, సైన్యానికి చెడ్డపేరో వచ్చిందని చూపిస్తేనే నేరం. కోర్టు ఉత్తర్వుతో చట్టబద్ధంగా వేరుగా ఉన్నామంటే రక్షణ. కానీ టెక్సస్‌లో అలాంటి ఉత్తర్వే ఉండదు. కాబట్టి డిక్రీ వాయిదా వేసుకునేటప్పుడు సైన్యంలో ఉన్నవాళ్లు కొత్త స్నేహాల విషయంలో నిదానించాలి.

బేస్‌లోని లీగల్ అసిస్టెన్స్ ఆఫీసు సలహా ఉచితం, కోర్టుకు మాత్రం రారు. ఒకరు ముందు వెళ్తే రెండోవాళ్లను వేరే ఆఫీసుకు పంపుతారు.

చివరగా మనవాళ్లకు. భాగస్వామి హైదరాబాద్ తిరిగి వెళ్లిపోతే అక్కడి ఫ్యామిలీ కోర్టు ఈ కేసు తీసుకోదు. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహ హక్కు లేదన్నాక అక్కడ రద్దు చేయడానికి చట్టం దృష్టిలో పెళ్లే లేదు. అమెరికా కోర్టు నోటీసు పోస్టులో పంపితే చెల్లదు, విదేశాలకు కోర్టు నోటీసులు పంపే పద్ధతి మీది హేగ్ ఒప్పందంలో భారత్ పోస్టు మార్గానికి అభ్యంతరం చెప్పింది. ఢిల్లీలోని న్యాయశాఖ ద్వారా పంపితే నెలలు పడుతుంది. ఇద్దరి మధ్య మాట కుదిరితే నోటీసు లాంఛనంగా అందించనక్కర్లేదని ఒప్పుకునే పత్రం, అంటే వేవర్ ఆఫ్ సర్వీస్ మీద నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్‌లో నోటరీ ముందు సంతకం చేయడం మేలు. ఆ సంతకం తేదీ పిటిషన్ దాఖలైన తర్వాతిదై ఉండాలి, సంతకం చేసినవాళ్ల పోస్టల్ అడ్రసు అందులో ఉండాలి.