అమ్మ వేలిముద్ర సంతకంగా మారడానికి బ్యాంకుకు నాలుగుసార్లు

నిన్న మధ్యాహ్నం మా అమ్మ విత్‌డ్రా ఫారం తన చేత్తో నింపి, సంతకం పెట్టి మూడు వేలు తీసుకుంది. సంతోషంగా ఉంది, కోపం మాత్రం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

అమ్మది మెహిదీపట్నంలో కూరగాయల బండి. తెల్లారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్ళి సరుకు తెస్తుంది. నోటి లెక్కలో దిట్ట, కిలో 36 అయితే ముప్పావుకిలో ఎంతో మనం ఆలోచించేలోపు 27 అనేస్తుంది. కాగితం మీద అంకె మాత్రం చదవలేకపోయేది. గిరిగిరి ఫైనాన్స్ అతను 8,500 చేతికిచ్చి, రోజుకు 100 చొప్పున 100 రోజులు వసూలు చేసేవాడు. పదిహేను వందలే కదా వడ్డీ అనుకునేది అమ్మ. కానీ అసలు రోజూ కొంత తీరిపోతూనే ఉంటుంది కాబట్టి, ఏడాది లెక్కన ఆ వడ్డీ నూటికి నూరు దాటుతుంది! పైగా ఒకరోజు కార్డు చూస్తే, కట్టిన ఏడు రోజులకు టిక్కు లేదు. ఏడు వందలు. ఆ రాత్రే పలక కొనుక్కొచ్చా.

అక్షరాలు, అంకెలు నాలుగు నెలల్లో వచ్చేశాయి.

నరకం చూసింది బ్యాంకులోనే. వేలిముద్ర తీసేసి సంతకం నమోదు చేయమంటే, కౌంటర్‌లో ఆయన "ఇన్నేళ్ళు వేలిముద్రే కదమ్మా, ఇప్పుడు సంతకం ఎందుకు, తేడా వస్తే ఎవరిది బాధ్యత?" అని క్యూ మొత్తానికి వినిపించేలా అడిగాడు. రెండోసారి మేనేజర్ లేడన్నారు. మూడోసారి తెల్లకాగితం ఇచ్చి మూడు సంతకాలు పెట్టమన్నారు. అందరూ చూస్తుంటే అమ్మ చెయ్యి వణికింది, మూడూ మూడు రకాలుగా వచ్చాయి. ఆయన నవ్వి ఇంకు ప్యాడ్ ముందుకు తోశాడు. అమ్మ బొటనవేలు కొంగుకు తుడుచుకుని, ఆటోలో ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రోజు నేను గట్టిగా అడగాల్సింది.

జనాభా లెక్కల్లో ఏడేళ్ళు నిండి, ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం వస్తేనే అక్షరాస్యులు. 2011లో హైదరాబాద్ జిల్లాలో వాళ్ళు నూటికి 83 మంది. మిగతా 17 మంది డబ్బులు కూడా అదే కౌంటర్‌లో ఉంటాయి, వాళ్ళను చూసి నవ్వడానికి ఎవరికీ జీతం ఇవ్వడం లేదు.

అమ్మ ఆ వారం రెండు నోటు పుస్తకాలు తన పేరుతోనే నింపింది. నాలుగోసారి అర్జీ రాసుకుని వెళ్ళాం. మీరు కూడా నోటితో అడిగి తిరిగి రాకండి, అర్జీ ఇచ్చి నకలు మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. స్టాంపు పడ్డాకే లోపలి నుంచి ఒక మేడమ్ వచ్చి, అమ్మను కూర్చోబెట్టి, అరగంటలో పని చేసి పెట్టింది.

ఈరోజు పొద్దున గిరిగిరి అతను బండి దగ్గరికొచ్చాడు. అమ్మ దాచి ఉంచిన పాత కార్డు తీసి, టిక్కులన్నీ వేలుపెట్టి లెక్కించి చూపించింది. కాసేపు వాదించి 500 ఇచ్చాడు. కార్డు వెనక "200 బాకీ" అని తనే రాసి, "ఇగో, ఇక్కడ సంతకం పెట్టు బిడ్డా" అంది అమ్మ.