యుమ్మా పలికిన పాలకొల్లు

కువైట్‌లో నేను పనికి చేరిన ఇంట్లో మొదటి నాలుగు నెలల్లో నా నోటి నుంచి వచ్చిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మాటలు తెలియక కాదు. బయలుదేరే ముందు మా వీధిలో ఒక అక్క, అక్కడ పనిచేసి వచ్చినావిడ, యాభై అరబిక్ మాటలు నోటుపుస్తకంలో రాసి ఇచ్చింది. అన్నీ కంఠతా వచ్చు. తీరా ఇంటావిడ ఎదురుగా నిలబడితే గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు అయ్యేది. తప్పు పలికితే పిల్లలు నవ్వుతారని, ఏమీ రాని మనిషిని పంపావని ఏజెంటుకు ఫోను చేస్తారని భయం. ఏది అడిగినా తల ఊపేదాన్ని.

ఆ తల ఊపడమే ఒకసారి ఇంకొకరి ప్రాణం మీదికి వచ్చింది. అక్కడ ఇంటావిడను మేము మామా అని, ఇంటాయనను బాబా అని పిలుస్తాం. బాబా తల్లిని ఇంటిల్లిపాదీ యుమ్మా అనేవారు. 80 దాటిన మనిషి, బీపీ ఉంది. ఒక రాత్రి మామా ఏదో అడిగింది. అందులో ‘దవా’ అన్న ఒక్క మాటే నాకు అందింది. మందు వేశావా అంటోందనుకుని తల ఊపాను. నిజానికి ఆమె అడిగింది రేపటికి మాత్రలు ఉన్నాయా అని. డబ్బా ఖాళీ. మర్నాడు కొత్తవి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికే యుమ్మా తల తిరుగుతోందంటూ మంచం పట్టీని గట్టిగా పట్టుకుని కూర్చుంది. మామా తిట్టలేదు. ‘లేష్?’ అంది. ఎందుకిలా చేశావు అని. దానికీ నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.

నా పుట్టిల్లు పాలకొల్లు, మెట్టినిల్లు సఖినేటిపల్లి. మా వైపు ఆడవాళ్లకు లేసు అల్లిక చిన్నప్పటి నుంచే చేతికి వస్తుంది. సాయంత్రం యుమ్మా టీ తాగుతుంటే పక్కన కూర్చుని అల్లుకునేదాన్ని. ఒకరోజు ఆమె దారపు ఉండ చేతిలోకి తీసుకుని ‘షినూ హాదా?’ అని అడిగింది. ఇదేమిటి అని. దారం అన్నాను. ఆమె తన భాషలో ‘ఖేత్’ అంది. ఆ ఖ మన ఖ కాదు, గొంతు అడుగు నుంచి గీరుకుంటూ వస్తుంది. నాకు పలకలేదు. సూది చూపించి ‘ఇబ్రా’ అంది. అది పలికింది.

తరువాత మా ఊరి పేరు అడిగింది.

“పాలకొల్లు.”

“బాలకొల్లు.”

అరబిక్‌లో ప అన్న అక్షరమే లేదని నాకు అప్పటికి తెలియదు. కాదని, పెదవులు చూపిస్తూ మళ్లీ చెప్పాను. ఆమె తన పెదవులు బిగించి, నా మొహంలోకే చూస్తూ, మళ్లీ బాలకొల్లు అంది. నాలుగుసార్లూ అదే. అంత పెద్ద వయసులో, తన ఇంట్లో, పనిమనిషి ముందు తప్పు పలుకుతూ కూడా ఆమె చిన్నబుచ్చుకోలేదు. నాకూ నవ్వు రాలేదు. మా ఊరి పేరు నోట పట్టించుకోవాలని అంత పాటుపడుతున్నందుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను తప్పు పలికితే వినేవాళ్లకూ ఇలాగే ఉంటుందేమో అన్న ఆలోచన నాకు మొదటిసారి వచ్చింది అప్పుడే.

ఆ రోజు నుంచి రోజూ ఒక గంట మా ఇద్దరి బడి. కొన్నాళ్లకు తెలిసింది, ఆ భాష మాటలు మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నాయని. కుర్చీని వాళ్లు కుర్సీ అంటారు. సబ్బు సాబూన్, దుకాణం దుక్కాన్, తారీఖు, కలం, బాకీ, ఆ రోజు నేను ఇవ్వలేకపోయిన జవాబు కూడా వాళ్లదే. 1961లో దినారు వచ్చేదాకా కువైట్‌లో చెలామణీ అయినది రూపాయే. చిన్నప్పుడు తన చేతిలో పెట్టిన ‘రుబ్బియా’ గురించి యుమ్మా చెబుతుంటే నా బెరుకు సగం తగ్గింది.

తప్పులు పోలేదు. మామా నన్ను ‘తఆలీ’ అని పిలిచేది, రా అని. నేనూ ఇంట్లో అబ్బాయిని అలాగే పిలిచాను. వాడు ముఖం ముడుచుకుని, అది ఆడవాళ్లకు, మగవాళ్లకు ‘తఆల్’ అనాలని దిద్దాడు. విన్నదాన్ని విన్నట్టు అప్పగించే మా అందరికీ ఈ పొరపాటు తప్పదు. ఏడేళ్ల పిల్లవాడు దిద్దినా దిద్దుబాటే అనుకున్నాను, ఇప్పటికీ అదే అంటాను.

ఇళ్లలో పనిచేసేవారికి వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలని కువైట్‌లో 2015 నాటి 68వ చట్టం చెబుతోందని కువైట్ సిటీలో మాలియా అనే చోట దుకాణం దగ్గర ఒక నరసాపురం ఆవిడ చెప్పింది. ఆ మాటను రెండు వారాలు వంటింట్లో గిన్నెలు తోముతూ సాధన చేశాను. చివరకు మామా ముందు నిలబడి ‘ఆబీ రాహా, యోమ్ ఇల్ జుమా’ అన్నాను. నాకు విశ్రాంతి కావాలి, శుక్రవారం. గొంతు వణికింది, మాట మాత్రం పూర్తిగా బయటికి వచ్చింది. ఆమె కాసేపు చూసి ఇన్‌షా అల్లా అంది. నెలకు రెండు శుక్రవారాలు ఇచ్చారు. చట్టం చెప్పినదాని కంటే అది తక్కువే. మిగిలిన రెండూ తరువాతి ఏడాది అడిగి తెచ్చుకున్నాను.

ఇప్పుడు సఖినేటిపల్లిలోనే ఉంటున్నాను. వెళ్లబోయే ఆడవాళ్లు వస్తుంటారు. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు, అంటే గల్ఫ్ లాంటి దేశాలకు పనికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవలసిన పాస్‌పోర్టు మీద ఇంటిపనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి కనుక వచ్చేవాళ్లందరూ పిల్లల తల్లులే. ఆ వయసులో కొత్త భాష పలకడానికి ఎంత సిగ్గో నాకు తెలుసు. మొన్న వచ్చిన అమ్మాయి అరుగు మీద కూర్చుని పుస్తకంలోకి చూస్తూ పెదవులు మాత్రం కదుపుతోంది.

“గట్టిగా అనమ్మా.”

“ఎవరైనా వింటారేమో పిన్నీ.”

నరసాపురం వెళ్లే పని ఉంటే తోడు తీసుకెళ్లాను. మనుషుల్ని, బళ్లను గోదావరి దాటించే పంటు ఎక్కాం. వశిష్ఠ పాయ మధ్యకు వచ్చేసరికి ఇంజిను చప్పుడులో పక్క మనిషి మాట పక్క మనిషికి వినిపించదు. ఇక్కడ ఎవరికీ వినపడదు, అంకెలు చెప్పు అన్నాను. రేలింగు పట్టుకుని నీళ్లకేసి చూస్తూ మొదలుపెట్టింది. వాహిద్, ఇస్నేన్, సలాసా. పదికి చేరి మళ్లీ మొదటికి వచ్చింది. రెండోసారి కొంచెం గట్టిగా, మూడోసారి ఇంకాస్త గట్టిగా. రేవు దగ్గరపడి ఇంజిను ఆపారు. సైకిలు పట్టుకుని నిలబడిన ఒకాయన తల తిప్పి చూశాడు. ఆమె అప్పుడు సబా, అంటే ఏడు దగ్గర ఉంది. ఒక్క క్షణం ఆగి, తమానియా, తిసా, అష్రా అని పూర్తి చేసి పంటు దిగింది.